బల్లయొద్దకు రాకమునుపు

(ఆత్రేయపురంలో సంస్కార సిద్ధపాటు కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



రేపు ఆదివారము. మనమందరము ప్రభువు బల్లలో పాలు పొందబోవుచున్నాము. అందుకొరకు మనలను మనము సిద్ధపరచుకొనుటకు ఈ సాయంకాలము ఇక్కడ కూడుకొంటిమి. మన డయాసిస్‌కు నూరేండ్లు నిండిన ఈ దినములలో ఎక్కడ చూచినను పండుగ మాటలే వినబడుచున్నవి. గుడులకు సున్నములు వేయుచున్నారు. పాత ఫోటోలు పెట్టెలలోనుండి తీసి దుమ్ము దులుపుచున్నారు. తాతల కాలపు సంగతులు తెలిసిన పెద్దలను అడిగి వ్రాసికొనుచున్నారు. ఇదంతయు మంచిదే. అయితే నూరేండ్లు నిండుట వేరు, ఎదుగుట వేరు. వయస్సు తనంతట తానే వచ్చును, ఎదుగుదల అట్లు రాదు. నూరేండ్ల సంఘము ఎదిగినదో లేదో తెలిసికొనుటకు ఎక్కడ చూడవలెను? పెద్ద గుడిలోనా, పెద్ద కానుకలోనా? ప్రభువు బల్లయొద్ద చూడవలెనని మేము నమ్ముచున్నాము. అక్కడ మన ప్రక్కన ఎవరు మోకరించెదరో, వారితో మన సంగతి ఏమిటో, అదే మన ఎదుగుదలకు కొలత.

కుండ సంగతి

ఆత్రేయపురం పేరు చెప్పగానే ఎవరికైనను పూతరేకు గుర్తుకు వచ్చును. 2023వ సంవత్సరములో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. తినువారు రేకును, లోపలి బెల్లమును, నేతిని ఎరుగుదురు. రేకు తీయు మన అక్కచెల్లెండ్రు ఎరిగినది మరియొకటి ఉన్నది, అది కుండ సంగతి. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచగా కలిపిన బియ్యపు పిండిలో గుడ్డను ముంచి, కుండమీద ఒక్కసారి పరచి తీయగానే రేకు తయారగును. చూచువారికి అది క్షణములో పని. కాని దాని వెనుక బియ్యము నానబెట్టుట ఉన్నది, రుబ్బుట ఉన్నది, కుండను తుడిచి నూనె చేయి రాయుట ఉన్నది, మంట తగినట్లు చూచుకొనుట ఉన్నది. పిండి అదే, గుడ్డ అదే, చేయి అదే అయినను, కుండ సిద్ధముగా లేనియెడల రేకు లేవదు. అంటుకొని చిరిగిపోవును.

ప్రియులారా, ప్రభువు బల్లమీద రొట్టె అందరికి ఒకటే, గిన్నె అందరికి ఒకటే. కృపలో హెచ్చుతగ్గులు లేవు. అయినను ఒకరు ఆ బల్లనుండి బలము పొంది లేచెదరు. మరియొకరు వచ్చినట్లే తిరిగి వెళ్లెదరు. లోపము బల్లలో లేదు, సిద్ధము కాని హృదయములో ఉన్నది. అయితే ఏ విషయములో సిద్ధపడవలెను? దీనికి పౌలు భక్తుడు ఇచ్చిన జవాబు మనము సాధారణముగా అనుకొనునది కాదు.

కొరింథులో జరిగినది

సంస్కార దినమున మనము తరచుగా వినునది 1 కొరింథీ 11వ అధ్యాయము. అందులో ప్రభువు ఆ రాత్రి రొట్టెను ఎత్తికొన్న సంగతి, ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనవలెనను సంగతి మనకు కంఠస్థము. కాని ఆ భాగము 17వ వచనమున మొదలై 34వ వచనమున ముగియుచున్నది. మొదటిని, చివరను చదువక నడుమ మాటలు మాత్రమే చదివినయెడల పౌలు దేనికొరకు అంత నొచ్చుకొనెనో మనకు తెలియదు.

సుమారు క్రీ.శ. 54, 55 ప్రాంతములో పౌలు ఎఫెసునుండి ఈ పత్రిక వ్రాసెను. కొరింథు రెండు రేవుల నడుమనున్న వర్తక పట్టణము. సంఘములో కలిగినవారు కొద్దిమంది, దాసులు, లేనివారు ఎక్కువమంది. ఆ దినములలో ప్రభురాత్రి భోజనము నిజమైన భోజనముతో కలిసి జరుగుచుండెను. ఆదివారము అప్పటికి సెలవు దినము కాదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి దానిని విశ్రాంతి దినముగా చేసినది 321లో. కాబట్టి యజమాని పని ముగిసిన తరువాతనే దాసుడు కూడికకు రాగలిగియుండును. తీరికగలవారు ముందే వచ్చి, తాము తెచ్చుకొన్నది తాము తిని, త్రాగి కూర్చుండిరి. వెనుక వచ్చినవారికి ఏమియు మిగులలేదు. ఒకరు ఆకలితో ఉండగా మరియొకరు మత్తులో ఉండిరి. ఆపైన అందరును కలిసి ప్రభువు రొట్టెను విరిచిరి.

ఇది చూచి పౌలు, మీరు తినుచున్నది ప్రభువు భోజనము కానే కాదని తేల్చివేసెను. ప్రభువు శరీరమును గుర్తింపక తినుట అనగా ఏమిటో ఇప్పుడు తెలియుచున్నది. రొట్టెయందు ప్రభువును గుర్తింపకపోవుట ఒకటి. ప్రక్కన ఆకలితో కూర్చున్న సహోదరుడు అదే శరీరములో అవయవమని గుర్తింపకపోవుట రెండవది. తరువాతి అధ్యాయమంతయు ఒక శరీరము, అనేక అవయవములు అను సంగతియే గదా! ఇంతకు పౌలు చెప్పిన మందు ఏమిటి? ఉపవాసములు పెంచుమని చెప్పలేదు. ప్రార్థనలు పొడిగించుమనియు చెప్పలేదు. భోజనమునకు కూడివచ్చునపుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని యుండుడని 33వ వచనములో చెప్పెను. అంతే. వెనుకబడినవానికొరకు ఆగుటయే ఆయన చెప్పిన సిద్ధపాటు.

అపాత్రులమని దూరముండువారికి

ఇక్కడ ఒక మాట నిలిచి చెప్పవలసియున్నది. మన సంఘములలో సంస్కారము మొదలు కాగానే మెల్లగా లేచి బయటికి వెళ్లువారు ఉన్నారు. కన్ఫర్మేషన్ పొంది ఏండ్లు గడిచినను రెండుమూడు సారులు మించి బల్లకు రానివారు ఉన్నారు. అడిగినయెడల, "మాకు యోగ్యత లేదండి, తీసికొంటే శిక్ష వస్తుందని భయం" అందురు. ఇంటిలో జబ్బు చేసినను, బిడ్డ పోయినను, ఆనాడు బల్ల తీసికొనినందువల్లనే అని కుమిలిపోయిన తల్లులను మేము ఎరుగుదుము.

అమ్మలారా, అయ్యలారా, పౌలు అక్కడ వాడిన మాట మనుష్యులనుగూర్చినది కాదు, తినే తీరునుగూర్చినది. అయోగ్యులు తినకూడదని ఆయన వ్రాయలేదు. అయోగ్యమైన రీతిగా తినవద్దనెను. ఈ రెంటికి ఎంతో భేదమున్నది. యోగ్యులు మాత్రమే రావలెనన్నచో ఆ మొదటి రాత్రి మేడగదిలో ఎవరు మిగిలియుందురు? పేతురు కోడి కూయకమునుపే బొంకబోవుచుండెను. యూదా అప్పటికే బేరము చేసికొనియుండెను. తమలో ఎవడు గొప్పవాడను వాదము ఆ బల్లదగ్గరనే పుట్టినదని లూకా 22వ అధ్యాయము చెప్పుచున్నది. అట్టివారికే ప్రభువు రొట్టె విరిచి ఇచ్చెను. కాబట్టి భయపడి దూరముండుట సిద్ధపాటు కాదు. సరిచేసికొని వచ్చుటయే సిద్ధపాటు. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము చూడుడి. అర్పణ అక్కడ విడువుము, వెళ్లి సహోదరునితో సమాధానపడుము, పిమ్మట తిరిగి రమ్ము. వెళ్లుమన్నవాడు తిరిగి రమ్మని కూడ చెప్పెను. మనలో కొందరు వెళ్లకుండనే వచ్చెదరు, కొందరు వెళ్లి తిరిగి రారు.

కాలువ చెప్పు పాఠము

మనకు బాగుగా తెలిసిన మరియొక సంగతి కాలువ. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిరి. తరువాత కట్టిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టిరి. బొబ్బర్లంకయొద్ద గోదావరినుండి బయలుదేరిన నీరు మన లొల్ల లాకులయొద్ద పాయలుగా చీలి కోనసీమ పొలములకు పోవుచున్నది. గోదావరిలో నీరు ఎంత ఉన్నను, అది శివారు పొలమునకు చేరవలెనంటే కాలువ బాగుండవలెను. అందుకే దాళ్వా కోతలైన తరువాత వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుదురు, గుర్రపుడెక్క లాగివేయుదురు, లాకుల మరమ్మతులు చూతురు. నీళ్లు వదిలిన తరువాత తీయుదుమన్న పూడిక ఆ యేటికి తీయబడదు.

హృదయమును సిద్ధపరచుట ఇట్టిదే. పూడిక ఒక్కనాటిలో పేరుకొన్నది కాదు. రోజుకొక పిడికెడు చొప్పున, ఎవరికిని తెలియకుండ అడుగున చేరును. ఒక నిష్ఠురపు మాట, ఒక చిన్న అబద్ధము, ఎగవేసిన కూలి, తిరిగి ఇయ్యని అప్పు, ఇవన్నియు పూడికయే. గుర్రపుడెక్క అట్లు కాదు. అది పైన పచ్చగా కనబడును, ఊదారంగు పువ్వులు కూడ పూయును. క్రింద నీరు నడువదు. పేరుకొరకు చేయు భక్తి అట్టిది.

ఇంకొక సంగతి. ఎగువ రైతు అడ్డుకట్ట వేసికొనినయెడల నష్టము అతనికి కాదు. అతని చేను నిండుగా తడియును. ఎండిపోవునది శివారు రైతు చేను. అతనిని ఎగువవాడు చూచియైన యుండడు. కొరింథులో జరిగినది అదే. ముందు వచ్చినవారు తమ కడుపు నింపుకొనిరేగాని, వెనుక వచ్చువారిది కొట్టివేయుచున్నామని తలంచియుండరు. పాపమనగా దేవునికి నాకును మధ్య సంగతి మాత్రమే అని మనము అనుకొందుము. కాని మన హృదయములో పడిన అడ్డుకట్టకు శివారున ఎవరో ఎండుచున్నారు. ఈ రాత్రి మనలను మనము పరీక్షించుకొనునపుడు, "నేనేమి తప్పు చేసితిని?" అని అడుగుటతో ఆగవద్దు. "నావలన ఎవరి చేను ఎండినది?" అని కూడ అడుగవలెను.

పేటల నడుమ బోదె

నూరేండ్ల పండుగవేళ ఈ మాట చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. 1836లో గ్రోవ్స్‌గారి వెంట వచ్చిన బౌడెన్, బీర్ అను ఇద్దరు మిషనరీలు నరసాపురము ప్రాంతమున గోదావరి డెల్టా సేవకు పునాది వేసిరి. ఆనకట్ట పని జరుగు కాలమున బౌడెన్ దొరగారు ధవళేశ్వరములో ఉండి అక్కడి కూలి జనుల మధ్య సువార్త ప్రకటించిరి. కాటన్ దొరగారు కూడ దైవభక్తిగలవారై ఆ సేవకు తోడ్పడిరి. తరువాత ఆంధ్రదేశములో సువార్తను విస్తారముగా అంగీకరించినవారు మాల, మాదిగ పేటలవారు. ఊరిబావి దగ్గరకు రానీయనివారిని ప్రభువు తన బల్లయొద్దకు పిలిచెను. మన సంఘ చరిత్రలో ఇంతకంటె ఘనమైన సంగతి లేదు.

అయితే ఊరు మనలను దూరముంచినదని బాధపడిన మనమే, పేటకు పేటకు నడుమ దూరమును గుడిలోనికి తెచ్చుకొంటిమి. బాప్తిస్మము ఒకటే, పాటలు అవే, కాని వారి గిన్నె మేము ముట్టము, వారి పిల్లను మేము చేసికొనము. పై కులములనుండి వచ్చిన కొందరు మరియొక ప్రక్కన కూర్చుండిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పయిన వి. యస్. అజరయ్యగారు దోర్నకలు డయాసిస్‌లో ఈ జాడ్యముతోనే పోరాడిరి. సంఘములో కులమునకు చోటు లేదని ఊరూర బోధించిరి. సంఘముల ఐక్యతకొరకును ఆయన ఎంతో పాటుపడిరి. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించినప్పటికి ఆ ఐక్యత ఇంకను కాలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఒకే బల్లకు వచ్చిరి.

ప్రియులారా, ఆలోచించుడి. సముద్రముల అవతల పుట్టి, కొన్ని వందల ఏండ్లు ముదిరిన భేదములు 1947లో ఒక బల్లయొద్ద తలవంచినవి. నడుమ ఒక పంట బోదె మాత్రమే ఉన్న రెండు పేటల భేదము ఇంకను కొన్నిచోట్ల తల వంచలేదు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినపుడు లంకలవారు గట్లమీదికి చేరిరి. గట్టుమీద కాచిన గంజికి కులము అడిగినవారు లేరు. నీరు తీయగానే ఎవరి వీధికి వారు వెళ్లిరి. వరద వచ్చి నేర్పిన పాఠమును ప్రభువు బల్ల ప్రతి నెల నేర్పుచున్నది. మనము వరదకు మాత్రమే లోబడుదుమా?

మా సంగతి

ఇతరుల సంగతి చెప్పుట సుళువు. మా ఇంటి సంగతి కూడ మీ యెదుట ఒప్పుకొందుము. దాళ్వాలో నీరు చాలక వంతులు పెట్టిన ఒక యేడు, వంతు మాది కాని రాత్రి మేము వెళ్లి తూము ఎత్తితిమి. దిగువ చేను మా పినతండ్రి కుమారునిది. ఆ యేడు అతని మడి నెర్రెలు తీసెను. గింజ తాలు పోయెను. ఎవరు చేసిరో రుజువు లేదు. అతడు మమ్మును అడుగలేదు, మేము చెప్పలేదు. కాని మాటలు నిలిచిపోయినవి. పెండ్లికి పిలుపులు ఆగినవి. ఆడవారు చెరువుగట్టున ఎదురుపడినను తలలు త్రిప్పుకొనిరి. నాలుగేండ్లు అట్లు గడిచెను. ఆ నాలుగేండ్లలో మేము బల్ల ఒక్కసారి కూడ మానలేదు. అదియే మాకు ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

ఒక ఆదివారము ఎవరి ప్రక్కన మోకరించితిమో చూచుకొనక మోకరించితిమి. గిన్నె ప్రక్కవాని పెదవులనుండి మా పెదవులకు వచ్చినపుడు తలయెత్తి చూచితిమి. అతడే. ఆ గుటక గొంతు దిగుట కష్టమాయెను. ఆ సాయంకాలమే అతని ఇంటికి వెళ్లితిమి. అరుగుమీద కూర్చుండి, "తమ్ముడూ, ఆ రాత్రి తూము ఎత్తింది మేమే" అంటిమి. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "నాకు తెలుసు అన్నయ్యా. మర్నాడు తెల్లారి బురదలో మీ అడుగులు చూశాను. మీ నోటితో చెబుతారా, చెప్పరా అనే ఉన్నాను" అనెను. ఆ యేటి పంటలో అతనికి పోయిన గింజలు కొలిచి పంపితిమి. సగము పుచ్చుకొని, సగము గుడి కానుకలో వేయించెను. మరుసటి నెల బల్లయొద్ద మాకు కలిగిన సంతోషము అంతకుమునుపు ఎన్నడును ఎరుగము. నాలుగేండ్లు తిన్నది రొట్టెయే, కాని ఆ దినమున అది మాకు భోజనమాయెను.

ఎట్లు సిద్ధపడవలెను?

తొలినాటి క్రైస్తవులు దీనికి ఒక క్రమము ఏర్పరచుకొనిరి. "అపొస్తలుల బోధ" అను మిక్కిలి పాత గ్రంథము 1873లో కాన్‌స్టాంటినోపులులో మరల దొరకెను. ప్రభువు దినమున రొట్టె విరుచుటకు ముందు పాపములు ఒప్పుకొనవలెననియు, కలహమున్నవారు సమాధానపడువరకు కూడికలో చేరరాదనియు అందులో ఉన్నది. సుమారు క్రీ.శ. 150 ప్రాంతమున జస్టిన్ అను భక్తుడు వ్రాసిన దానినిబట్టి, రాలేకపోయినవారి పాలు పరిచారకులు వారి ఇండ్లకు తీసికొనిపోయిరి. కానుకలతో అనాథలను, విధవరాండ్రను, రోగులను ఆదుకొనిరి. మన దక్షిణ ఇండియా సంఘ ఆరాధన క్రమమును 1950లో కూర్చినపుడు, చేతినుండి చేతికి సమాధానము అందించుకొను పాత ఆచారమును మరల చేర్చిరి. ఆ సమయమున మనము ప్రక్కవారికి చేయి ఇత్తుము. ఎవరికి ఇయ్యవలెనో వారు నాలుగు వరుసల వెనుక కూర్చున్నారని మనకు తెలియును!

కాబట్టి మనము చేయదగిన నాలుగు సంగతులు చెప్పుదుము.

మొదటిది, ఈ రాత్రి ఇంటివారందరు కలిసి ప్రార్థించుడి. భార్య భర్తను, తండ్రి బిడ్డను క్షమాపణ అడుగుటకు సిగ్గుపడవద్దు. ఇంటిలో మాటలు లేకుండ గుడిలో పాటలు పాడుట దేవునికి ఇష్టము కాదు.

రెండవది, బాకీ తీర్చుడి. కూలి నిలిపినయెడల ఈ రాత్రియే ఇచ్చివేయుడి. జక్కయ్య ప్రభువును తన ఇంట చేర్చుకొన్న దినమున కన్నీరు కార్చినట్లు వ్రాయబడలేదు, లెక్క సరిచేసినట్లు వ్రాయబడినది.

మూడవది, నొప్పించిన వారియొద్దకు వెళ్లుడి. ఇక్కడ ఒక హెచ్చరిక. సమాధానపు భారము నొప్పించినవానిదేగాని నొచ్చినవానిది కాదు. త్రాగి వచ్చి కొట్టు భర్తను క్షమించి ఊరకుండుమని భార్యకు చెప్పుట సంఘ పెద్దల పని కాదు. ముందు ఆ చేతిని ఆపవలెను, ఆమెకు కాపుదల చూపవలెను. అన్యాయము అట్లే ఉంచి పైన సమాధానము పూయుట పూడికమీద నీళ్లు వదలుటయే. మరి మీరు వెళ్లినను అవతలివారు తలుపు తీయనియెడల? మీ చేతనైనంతమట్టుకు సమాధానముగా ఉండుడని పౌలు రోమా 12లో చెప్పెను. తలుపు తట్టినవాడు ధైర్యముగా బల్లకు రావచ్చును, మరల తట్టుటకు సిద్ధపడి రావలెను.

నాలుగవది, వెనుకబడినవారికొరకు ఆగుడి. మంచముపట్టిన ముసలమ్మ ఇంటికి అయ్యగారితో కలిసి వెళ్లుడి. వలసపోయిన కూలి కుటుంబము నెలలకొద్ది గుడికి రానియెడల ఎవరైనను అడిగితిరా? మన తల్లులు వండుకొనునపుడెల్ల పిడికెడు బియ్యము తీసి ప్రభువుకొరకు ఉంచెడివారు. ఆ పిడికిలి ఇంకను తెరిచియున్నదా, చూచుకొనుడి.

పాలు పోసికొనుటనుండి తల వంచుటవరకు

చివరిగా ఎదుగుదలనుగూర్చి ఒక మాట. పౌలు ఇదే పత్రికలో 3వ అధ్యాయమున కొరింథువారిని పసిబిడ్డలనెను, పాలే గాని ఆహారము ఇయ్యలేకపోయితిననెను. వారికి జ్ఞానము తక్కువై కాదు. వరములు లేకను కాదు, వరములు ఆ సంఘములో ఎక్కువే. వారిలో అసూయ, కలహము ఉన్నందువలన ఆయన అట్లనెను. 13వ అధ్యాయములో ప్రేమనుగూర్చి చెప్పుచు, పెద్దవాడనైనప్పుడు పిల్లవాని చేష్టలు మానితిననెను. ఈ రెండు అధ్యాయముల నడుమ 11వ అధ్యాయమున బల్ల ఉన్నది. పసితనమునుండి పెద్దతనమునకు వెళ్లు త్రోవ బల్ల మీదుగానే పోవుచున్నదని మాకు తోచుచున్నది.

రైతు బిడ్డలమైన మనకు ఇది తెలియును. వరి కంకి తీసిన తరువాత గింజ మొదట పాలు పోసికొనును. ఆ పాలు తప్పు కాదు, అవి లేక గింజయే లేదు. కాని పాలగింజ పాలగింజగానే ఉండిపోయినయెడల అది తాలగును. తాలు కంకి నిక్కి నిలుచును, గట్టిపడిన కంకి బరువుకు తల వంచును. కన్ఫర్మేషన్ నాడు పొందిన ఉత్సాహము పాలవంటిది. ముప్పదియేండ్ల తరువాత మనము నిక్కియున్నామా, వంగియున్నామా? సంఘములో పదవిని, ముందు వరుస కుర్చీని పట్టుకొని పోట్లాడు నెరసిన తలలకంటె, తనను తిట్టినవాని ఇంటికి ముందుగా వెళ్లి పలుకరించు యౌవనస్థుడే ఎదిగినవాడు.

ప్రియ సంఘమా, నూరేండ్ల జ్ఞాపకార్థము శిలాఫలకములు వేయించుదము, మంచిదే. అయితే మన తరువాత నూరేండ్లకు ఇక్కడ కూడుకొనువారు ఆ రాతిమీది పేర్లను చదివెదరో లేదో మనకు తెలియదు. మనము విడిచిపోయిన పగలను మాత్రము వారు తప్పక మోసెదరు. ఏ పగను వారికి ఆస్తిగా ఉంచవద్దు. ఇంకను చీకటి పడలేదు. కూడిక ముగిసిన తరువాత తిన్నగా ఇంటికి వెళ్లకుండ, దారిలో ఆగవలసిన ఇల్లు ఏదో మీలో ప్రతివారికిని తెలియును. అక్కడ ఆగి, పిమ్మట ఇంటికి వెళ్లుడి. రేపు ఉదయము బల్లయొద్ద కలిసికొందము.

ప్రార్థించుదము. కృపగల తండ్రీ, నీ బల్లయొద్దకు పిలువబడుటకు మేము తగినవారము కాకపోయినను నీవు పిలిచితివి. మా హృదయములలోని పూడికను నీవే తీయుము. మావలన ఎండిపోయిన చేలను మాకు చూపుము. చూచిన తరువాత వెళ్లుటకు కాళ్లకు బలమిమ్ము, చెప్పుటకు నోటికి మాట ఇమ్ము. వెనుక వచ్చువారికొరకు ఆగు ఓర్పు నేర్పుము. నూరేండ్లు మోసిన ఈ సంఘమును ఇక ఎదిగిన సంఘముగా చేయుము. నీ కుమారుడును మా ప్రభువునైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.